అపరిచితుల అతిథి: థామస్ స్టీవెన్స్

సైకిలుపై లోకం చుట్టివచ్చిన తొలి వ్యక్తిగా థామస్ స్టీవెన్స్ పేరు చరిత్రలో నిలిచింది. ఆయన ధైర్యసాహసాలను కొనియాడిన వారు పెక్కుమంది. కాని ఆ సాహసానికి వెనుక, దారి పొడుగునా ఆయనకు అన్నం పెట్టి, పడక చూపి, మరునాడు సాగనంపిన అపరిచితులు ఎందరో ఉన్నారు. వారిలో అధిక సంఖ్యాకుల పేర్లు చరిత్రకెక్కలేదు. ఆ దృష్టితో ఈ జీవితాన్ని పరిశీలించడం సముచితం.

స్టీవెన్స్ 1854 డిసెంబరు 24న ఇంగ్లండులోని బర్క్‌హామ్‌స్టెడ్ పట్టణంలో జన్మించాడు. యౌవనంలోనే అమెరికా చేరి, మిల్లులోను, కొలరాడో గనిలోను శ్రమించి పొట్టపోసుకొన్నాడు. ధనబలం గాని, పలుకుబడి గాని ఆయనకు లేవు. నాటి సైకిలు కూడ నేటి సైకిలు వంటిది కాదు. ముందు చక్రం దాదాపు 127 సెంటీమీటర్ల ఎత్తు. వెనుక చక్రం బహు చిన్నది. గొలుసు లేదు, గాలి నింపిన టైర్లు లేవు. రాయి తగిలితే మనిషి తలక్రిందులుగా పడవలసిందే. ఆయన వెంట తీసుకొన్న సామాను మేజోళ్ళు, ఒక చొక్కా, గుడారంగాను పక్కగాను పనికివచ్చే వానకోటు, ఒక పిస్తోలు మాత్రమే.

1884 ఏప్రిల్ 22న శాన్‌ఫ్రాన్సిస్కోలో బయలుదేరి ఆగస్టు 4న బోస్టన్ చేరాడు. ఆ దూరంలో మూడవ వంతుకు పైగా సైకిలును నడిపించుకొంటూ కాలినడకనే సాగవలసి వచ్చింది. తరువాత సముద్రం దాటి, 1885 మే నెలలో లివర్‌పూల్‌లో తిరిగి బయలుదేరి, ఐరోపా ఖండాన్ని దాటి నాటి కాన్‌స్టాంటినోపిల్, అనగా నేటి ఇస్తాంబుల్, చేరుకొన్నాడు.

అసలైన పరీక్ష అక్కడి నుండి ఆరంభమైంది. అనటోలియా పీఠభూమిలో సరియైన బాటలు లేవు, భాష తెలియదు, హోటళ్ళు లేవు. అంకారా, సివాస్, ఎర్జురుం మీదుగా సాగిన ఆ దారిలో తురుష్కులు, ఆర్మీనియనులు, కుర్దులు ఆయనకు ఆశ్రయమిచ్చారు. రొట్టె, పెరుగు, పులావు ముందుంచారు. ఆ వింత వాహనాన్ని తొక్కి చూపమని జనం చుట్టుముట్టి విసిగించిన మాట నిజమే. అయినను పొద్దుగూకిన వేళ ఆ జనంలోనే ఎవరో ఒకరు చోటు చూపేవారు. ఇక్కడ ఒక మాట గమనింపదగినది. ఉర్దూలో ముసాఫిర్ అంటే బాటసారి. అదే అరబ్బీ పదం టర్కీ భాషలో మిసాఫిర్ అయి, అతిథి అనే అర్థంలో స్థిరపడింది. బాటసారి అయినవాడు అతిథే అని ఆ భాషే తీర్మానించింది. తిథి చెప్పక వచ్చేవాడు అతిథి అని మన పెద్దలు చెప్పిన అర్థమూ దీనికి దూరం కాదు.

ఇరాన్ రాజధాని టెహరానులో చలికాలం గడిపి, షా సన్నిధిలో సైకిలు తొక్కి చూపించాడు. 1886లో రష్యా ప్రభుత్వం తన భూభాగం గుండా పోవడానికి అనుమతి నిరాకరించింది. ఆఫ్ఘనిస్తానం గుండా పోబోగా అక్కడి అధికారులు ఫరా వద్ద నిర్బంధించి, హెరాతు తీసుకొనిపోయి, ఇరాన్ సరిహద్దుకు త్రిప్పి పంపారు. సామ్రాజ్యాలు ఒకదానినొకటి అనుమానించుకొంటున్న కాలమది. ప్రభుత్వాలు మూసిన తలుపులు వేరు. పల్లెవాసులు తెరచిన తలుపులు వేరు.

ఓడలో కరాచీ చేరి, లాహోరు నుండి కలకత్తా వరకు గ్రాండ్ ట్రంక్ రోడ్డుపై ప్రయాణించాడు. అటుపై దక్షిణ చైనాలో జనం రాళ్ళు రువ్వారు. ఫ్రాన్సుతో 1884-85లో జరిగిన యుద్ధపు గాయం అక్కడ ఇంకా ఆరలేదు. అపుడు ఆయన ప్రాణం కాపాడినవారు కూడ చైనీయులే. స్థానికాధికారి ఆశ్రయమిచ్చి, భటులను తోడిచ్చి పడవలో పంపించాడు. 1886 డిసెంబరు 17న జపానులోని యొకహామాలో యాత్ర ముగిసింది. చక్రాలపై సాగిన దూరం సుమారు 13,500 మైళ్ళు.

యాత్రా వృత్తాంతాన్ని రెండు సంపుటాలుగా వెలువరించాడు. అందు ఒక లోపం కానవస్తుంది. తనకు అన్నం పెట్టిన వారి ఆచారాలను, వేషభాషలను ఆయన పలుచోట్ల ఎగతాళి చేశాడు; తన జాతి నాగరికతే గొప్పదన్న అహంకారాన్ని దాచుకోలేదు. ఐనా ఆతిథ్యం లభించిన సంగతులను వ్రాశాడు. అందువలన ఆయన చులకన చేసిన వారి ఔదార్యానికి ఆయన గ్రంథమే సాక్ష్యమైంది. గర్వించిన కలం కూడ తిన్న ఉప్పును పూర్తిగా మరువలేకపోయింది.

అనంతరం ఆఫ్రికాలోను, రష్యాలోను సంచరించి, 1935 జనవరి 24న లండనులో కన్నుమూశాడు.

విద్యార్థులారా! 1933లో ఓడరేవు ప్రారంభమైనది మొదలు, ఉక్కు కర్మాగారం వెలసిన పిదప మరింతగా, మన విశాఖకు నానా భాషల వారు బ్రతుకుతెరువుకై వస్తున్నారు. రైలు దిగి దారి అడిగే ప్రతి కొత్తవాడికి మనమే ఆ అనటోలియా గ్రామస్థులం. అతడు మన మర్యాదను మెచ్చుకోకపోవచ్చు, మన పేరు గుర్తుంచుకోకపోవచ్చు, వెళ్ళి మనలను పరిహసించనూ వచ్చు. అయినా ముందు మంచినీళ్ళిచ్చి, ఆ పిమ్మట ఊరూ పేరూ అడగడమే మనకు తగిన పని.