కొవ్వొత్తి చెప్పిన పాఠం: మైఖేల్ ఫారడే

మైఖేల్ ఫారడే పేరు మనకు విద్యుత్తు పాఠంలో కనిపిస్తుంది. అయస్కాంతం, తీగచుట్ట, డైనమో అనగానే ఆయనే గుర్తుకొస్తాడు. అదే ఫారడే మంటలతో, వాయువులతో పిల్లల ముందు ఎన్నో ప్రయోగాలు చేసి చూపించాడు. నాకు ఆ ఫారడే అంటేనే ఎక్కువ ఇష్టం.

ఆయన 1791 సెప్టెంబరు 22న లండన్ పక్కనే ఉన్న న్యూయింగ్టన్ బట్స్‌లో పుట్టాడు. తండ్రి జేమ్స్ కమ్మరి. పని వెతుక్కుంటూ ఆ కుటుంబం అంతకు కొద్దికాలం ముందే ఉత్తర ఇంగ్లండులోని పల్లె నుంచి అక్కడికి చేరింది. ఊళ్ళు మారడం మన ఇళ్ళలో కొత్త కాదు గానీ, వాళ్ళకు క్వార్టర్సు లేవు, నెల జీతమూ లేదు. తండ్రికి తరచూ జబ్బు. 1801లో ధరలు మండిపోయినప్పుడు తల్లి మైఖేల్ చేతిలో ఒక రొట్టె పెట్టి, వారమంతా దానితోనే సర్దుకోమనేది. చదవడం, రాయడం, కాసిని లెక్కలు వచ్చేసరికి బడి చదువు అయిపోయింది.

పదమూడో ఏట జార్జి రీబో అనే ఆయన పుస్తకాల దుకాణంలో చేరాడు. మొదట పత్రికలు ఇంటింటికీ చేరవేసేవాడు. తరువాత ఏడేళ్ళు బైండింగు పని నేర్చుకున్నాడు. కుట్టడానికి వచ్చిన పుస్తకాలను కుట్టి ఊరుకోకుండా చదివేవాడు. జేన్ మార్సెట్ అనే ఆవిడ రాసిన రసాయనశాస్త్రం పుస్తకం అలాగే దొరికింది. అందులో ఉన్నది నిజమో కాదో తేల్చుకోవడానికి చేతిలో ఉన్న కొద్ది డబ్బుతో చిన్న చిన్న ప్రయోగాలు చేసుకున్నాడు.

1812లో దుకాణానికి వచ్చే ఒక పెద్దమనిషి రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హంఫ్రీ డేవీ ఉపన్యాసాలకు టిక్కెట్లు ఇచ్చాడు. ఫారడే పై గ్యాలరీలో, గడియారానికి పైన కూర్చుని నాలుగు ఉపన్యాసాలు విన్నాడు. విన్నదంతా రాసి, బొమ్మలు వేసి, తనే బైండు చేసి డేవీకి పంపాడు. వెంటనే ఉద్యోగం రాలేదు. కొన్నాళ్ళకు అక్కడి సహాయకుడు కొట్లాటలో ఉద్యోగం పోగొట్టుకోవడంతో 1813 మార్చి 1న ఫారడేకు పిలుపు వచ్చింది. వారానికి 25 షిల్లింగులు, పై అంతస్తులో రెండు గదులు, పొయ్యికి బొగ్గు, వెలుతురుకు కొవ్వొత్తులు. అవును, కొవ్వొత్తులు కూడా జీతంలో భాగమే!

వాయువులతో పని అంటే ప్రాణంతో చెలగాటమే. 1823లో ఫారడే మూసిన గాజు గొట్టంలో క్లోరిన్ ఉన్న స్ఫటికాలను వేడి చేశాడు. గొట్టంలో నూనెలాంటి చుక్కలు కనిపించాయి. చూడవచ్చిన డాక్టరు పారిస్, గొట్టం సరిగా కడుక్కోలేదా అని ఎగతాళి చేశాడు. అది నూనె కాదు, ద్రవంగా మారిన క్లోరిన్ అని మర్నాడు ఫారడే నుంచి ఆయనకు చీటీ వెళ్ళింది. అలాంటి గొట్టాలు ఎన్నోసార్లు పేలాయి. ఒకసారి ఆయన కంట్లోంచి పదమూడు గాజు ముక్కలు తీయాల్సి వచ్చింది.

1844 సెప్టెంబరులో హాస్వెల్ బొగ్గు గనిలో పేలుడు జరిగి 95 మంది చనిపోయారు. వారిలో చిన్న పిల్లలూ ఉన్నారు. ప్రభుత్వం ఫారడేనూ, భూగర్భ శాస్త్రవేత్త చార్లెస్ లయెల్‌నూ విచారణకు పంపింది. గనిలో దిగిన ఫారడే విశ్రాంతిగా ఒక సంచీ మీద కూర్చుని, మందుగుండు పొడి ఎక్కడ దాస్తారని అడిగాడు. తాను కూర్చున్నది దాని మీదే అని తెలిసింది. పక్కనే కొవ్వొత్తి వెలుగుతోంది! మండే వాయువుతో పాటు గాలిలో తేలే బొగ్గుపొడి కూడా అంటుకుని మంటను పెంచిందని వాళ్ళిద్దరూ నివేదికలో రాశారు. ఆ వాయువును బయటికి లాగే ఉపాయం కూడా చెప్పారు. గని యజమానులు అది కుదరదన్నారు.

పిల్లల కోసం క్రిస్మస్ సెలవుల్లో ఉపన్యాసాలు 1825లో మొదలయ్యాయి. ఫారడే తానుగా 19 ఏళ్ళు ఇచ్చాడు. వాటిలో పేరు పడింది కొవ్వొత్తి మీద ఇచ్చిన ఆరు ఉపన్యాసాల వరస. కొవ్వొత్తి ఆర్పి, పైకి లేచే తెల్లటి పొగకు కొంచెం దూరంలో మంట పెట్టేవాడు. వత్తిని తాకకుండానే మంట గెంతి వత్తి మీదికి వచ్చేది. మండుతున్నది మైనపు ఆవిరి అని పిల్లలకు వేరే చెప్పక్కర్లేదు. మంట మీద మంచు ఉన్న గిన్నె పట్టుకుంటే అడుగున నీటి చుక్కలు చేరేవి. అవి నిజంగా నీళ్ళేనా? పొటాషియం ముక్క తగిలించి చూపేవాడు, అది భగ్గుమనేది. రేకు డబ్బాలో నీళ్ళు మరిగించి, మూత బిగించి, పైన చల్లటి నీళ్ళు పోసేవాడు. లోపలి ఆవిరి నీరైపోయేసరికి బయటి గాలి ఒత్తిడికి డబ్బా పెళపెళమని నలిగిపోయేది. చివరికి తన ఊపిరిని సున్నపు తేటలోకి ఊదితే అది పాలలా అయ్యేది. కొవ్వొత్తి వదిలే వాయువు కూడా అదే పని చేస్తుంది. మన ఒంట్లో జరిగేదీ ఒక రకమైన మండటమేనని అలా తెలిసేది. (వీటిని ఇంట్లో ఒంటరిగా చేయకండి. ల్యాబ్‌లో టీచరుగారు ఉన్నప్పుడు అడగండి.)

1855లో విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ తన కొడుకులతో వచ్చి ముందు వరుసలో కూర్చున్నాడు. అప్పుడు బల్ల వెనుక నిలబడి పాఠం చెప్పింది ఒకనాడు పై గ్యాలరీలో కూర్చున్న కమ్మరి కొడుకే. ఆయన సర్ బిరుదు తీసుకోలేదు. రాయల్ సొసైటీ అధ్యక్ష పదవినీ వద్దన్నాడు.

అప్పటికే ఆయనను మతిమరుపు చాలాకాలంగా బాధపెడుతోంది. అయినా 69 ఏళ్ళ వయసులో, 1860 క్రిస్మస్ సెలవుల్లో మళ్ళీ కొవ్వొత్తినే ఎంచుకున్నాడు. అవే ఆయన చివరి క్రిస్మస్ ఉపన్యాసాలు. విలియం క్రూక్స్ వాటిని పుస్తకంగా వేశాడు. 1867 ఆగస్టు 25న హాంప్టన్ కోర్టులో రాణి ఇచ్చిన ఇంట్లో, తన కుర్చీలో కూర్చునే ఫారడే కన్నుమూశాడు. రెండో ప్రపంచ యుద్ధం నాటి కొన్నేళ్ళు తప్పిస్తే, ఆ హాలులో పిల్లలకు క్రిస్మస్ ఉపన్యాసాలు నేటికీ జరుగుతున్నాయి.