నీరసం గుట్టు వెతికిన భీమవరం డాక్టరు

మా ఓపీకి వచ్చేవారిలో చాలామంది ముందుగా చెప్పే మాట నీరసం. ఆ వెంటనే ఒక సెలైన్ బాటిల్ పెట్టమంటారు. మీరూ ఎప్పుడో ఒకసారి అడిగే ఉంటారు. ఒంట్లో శక్తి ఎక్కడి నుంచి వస్తుందో, రక్తం ఎందుకు తగ్గుతుందో వెతకడానికే జీవితం ధారపోసిన మనిషి మన తెలుగువాడే. ఆయన డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మెట్రిక్ మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివేటప్పుడు ఖద్దరు కట్టినందుకు సర్జరీ ప్రొఫెసర్‌కు కోపం వచ్చింది. చివరకు ఎంబీబీఎస్‌కు బదులు అంతకంటే చిన్నదైన ఎల్ఎంఎస్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది.

ఆ రోజుల్లోనే స్ప్రూ అనే జబ్బు ఆయన సోదరుణ్ణి బలి తీసుకుంది. ఇందులో విరేచనాలు ఆగవు, తిన్నది ఒంటపట్టదు, నోరు పూస్తుంది, రక్తం తగ్గి మనిషి శల్యమైపోతాడు. సుబ్బారావుకూ ఆ జబ్బు వచ్చింది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బయటపడ్డారు. దానికి మందు కనిపెట్టాలన్న పట్టుదల మాత్రం ఆయన్ను వదల్లేదు.

భార్యను ఇక్కడే ఉంచి అమెరికాలోని బోస్టన్‌ వెళ్లారు. మళ్లీ తిరిగి రాలేదు. హార్వర్డ్‌లో చదువుకుంటూ, ఖర్చుల కోసం ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరుగా రోగుల మలమూత్రాల పాత్రలు కడిగారు. తర్వాత సైరస్ ఫిస్క్‌తో కలిసి 1927లో కండరాల్లోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని వెలికితీశారు. అదే సంవత్సరం జర్మనీలో లోమన్ కూడా విడిగా ఏటీపీని గుర్తించారు.

ఏటీపీ అంటే ఒంట్లో చిల్లర డబ్బు అనుకోండి. మీరు మెట్లెక్కినా, కన్ను ఆర్పినా ఖర్చయ్యేది అదే. అన్నం, పప్పు పెద్ద నోట్లు. వాటిని చిల్లరగా మార్చడానికి ఆక్సిజన్ కావాలి. దాన్ని మోసే హిమోగ్లోబిన్‌కు ఐరన్ కావాలి. ఎర్రకణాలు సరిగా తయారవాలంటే ఫోలిక్ యాసిడ్, బీ12 ఉండాలి. గ్లూకోజును కండరాల్లోకి పంపేది ఇన్సులిన్. మొత్తం పని వేగాన్ని నడిపేది థైరాయిడ్ హార్మోన్. వీటిలో ఏది తగ్గినా మీకు పైకి తెలిసేది ఒక్కటే, నీరసం.

1940లో సుబ్బారావు లెడర్లే కంపెనీ పరిశోధనశాలకు మారారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది. దాన్ని ఇస్తే స్ప్రూ రోగుల్లో రక్తం పెరిగింది, ఆకలి తిరిగొచ్చింది. సోదరుడు పోయిన చాలా ఏళ్లకు దొరికిన జవాబు అది. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే, నిద్రలోనే ఆయన కన్నుమూశారు.

ఆ ఫోలిక్ యాసిడే ఇవాళ గర్భిణులకు ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే ఐరన్ మాత్రలో ఉంది. కడుపులో తిప్పుతోందనో, విరేచనం నల్లగా వస్తోందనో ఆ మాత్రలను పక్కన పడేసేవారిని నేను రోజూ చూస్తున్నాను. రంగు మారడం ప్రమాదం కాదు. భోజనం తర్వాత వేసుకోండి, ఆ సమయంలో టీ, కాఫీ తాగకండి. అప్పటికీ ఇబ్బందిగా ఉంటే మానేయకుండా డాక్టరుకు చెప్పండి.

ఇక సెలైన్ సంగతి. ఐదు శాతం గ్లూకోజు అరలీటరు సీసాలో ఉండేది 25 గ్రాముల గ్లూకోజు, అంటే సుమారు ఐదారు చెంచాల పంచదారతో సమానం. మామూలు సెలైన్‌లో అదీ ఉండదు, ఉప్పునీరే. రెండు మూడు వారాలైనా నీరసం వదలకపోతే హిమోగ్లోబిన్, షుగర్, థైరాయిడ్, అవసరమైతే బీ12 పరీక్షలు చేయించుకోండి. బీ12 తక్కువైనవారు సొంతంగా ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వాడితే రక్తం మెరుగైనట్టు కనిపిస్తుంది కానీ లోపల నరాలు దెబ్బతింటూనే ఉంటాయి.

నీరసం బద్ధకం కాదు. దానికో కారణం ఉంటుంది. ఆ కారణం తెలుసుకున్నాకే మందు అడగండి.