ఎడ్వర్డ్ లారీ

ఎడ్వర్డ్ లారీ (1846 - 1915) హైదరాబాదు బ్రిటిషు రెసిడెన్సీలో సర్జనుగాను, హైదరాబాదు వైద్య పాఠశాల అధిపతిగాను పనిచేసిన శస్త్రవైద్యుడు. 1888, 1889 సంవత్సరాలలో జరిగిన హైదరాబాదు క్లోరోఫారం కమిషన్ల ద్వారా ఈయన పేరు వైద్య చరిత్రకు ఎక్కింది. వందలాది జంతువులపై ఎంతో శ్రమకోర్చి చేసిన ఆ ప్రయోగాల ముఖ్య ఫలితం తరువాత తప్పని తేలింది. జీవశాస్త్ర పరిశోధనలలో సంఖ్యలను, రేఖాచిత్రాలను, వాటిపై గీసే ఎర్రర్ బార్లను (దోష పట్టీలను) ఎలా చదవాలో తెలుసుకోగోరేవారికి ఈయన చరిత్ర ఉపయోగపడుతుంది.

హైదరాబాదు రాక

లారీ ఎడిన్‌బరోలో ప్రసిద్ధ శస్త్రవైద్యుడు జేమ్స్ సైమ్ వద్ద శిక్షణ పొందాడు. ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి, లాహోరు వైద్య కళాశాలలో పనిచేసి, 1885లో రెసిడెన్సీ సర్జనుగా హైదరాబాదు వచ్చాడు. కోఠీలోని రెసిడెన్సీకి, మూసీ ఒడ్డున ఉన్న అఫ్జల్‌గంజ్ ఆసుపత్రికి నడుమనున్న పేట గౌలిగూడ. ఈయన ఉద్యోగ జీవితంలో ముఖ్యభాగం ఈ పరిసరాలలోనే గడిచింది.

క్లోరోఫారం వివాదం

1847లో ఎడిన్‌బరోలో సింప్సన్ క్లోరోఫారాన్ని వాడుకలోకి తెచ్చాడు. మరుసటి జనవరిలోనే ఇంగ్లండులో హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ళ బాలిక, కాలిగోరు తీసే చిన్నపాటి చికిత్సకై ఆ మందు పీల్చి మరణించింది. అటువంటి మరణాలు తరువాత కూడా ఆగలేదు. ఆ శతాబ్దపు చివరి దశలో సుమారు 3,000 మందికి ఒకరు మరణిస్తున్నారని సాధారణంగా లెక్కించేవారు. మందు ముందుగా శ్వాసను ఆపుతుందా, లేక గుండెనే దెబ్బతీస్తుందా అన్నది వివాదం. మత్తు ఇచ్చే వైద్యుడు నాడిని చూడాలా, ఊపిరిని చూడాలా అన్నది ఈ ప్రశ్నకు వచ్చే సమాధానాన్ని బట్టే ఉండేది. ఊపిరి చూస్తే చాలునన్నది సైమ్ సంప్రదాయం. లారీ దానిని గట్టిగా నమ్మాడు. 1880లో గ్లాస్గో సంఘం మాత్రం గుండెకు కూడా ప్రమాదమున్నదని నివేదించింది.

కమిషన్లు

ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ధనసహాయంతో 1888లో మొదటి కమిషన్ ఏర్పడింది. వందకు పైగా వీధికుక్కలకు క్లోరోఫారం పట్టించి చంపగా, ప్రతిసారీ గుండె కంటే ముందు శ్వాసే ఆగింది. లండనులోని లాన్సెట్ పత్రిక దీనిని ఒప్పుకోలేదు. అందుపై నిజాము వెయ్యి పౌండ్లు ఇచ్చి, ఆ పత్రిక తన ప్రతినిధిని పంపవలసినదిగా కోరాడు. ఆ ప్రతినిధిగా 1889లో లాడర్ బ్రంటన్ వచ్చాడు. గుండెకు ప్రమాదమున్నదని అంతవరకు నమ్మినవాడు ఈయన.

రెండవ కమిషన్ కుక్కలు, గుర్రాలు, కోతులు, మేకలు, పిల్లులు, కుందేళ్ళు కలిపి 490 జంతువులపై ప్రయోగించినట్లు ఆ సంవత్సరాంతంలో తంతి ద్వారా తెలిపింది. వాటిలో 120 ప్రయోగాలలో రక్తపోటును మానోమీటరుతో కొలిచి, రేఖలుగా నమోదు చేశారు. గుండెకు నేరుగా ప్రమాదమేదీ లేదని నిర్ధారించారు. బ్రంటన్ కూడా తన అభిప్రాయం మార్చుకొన్నాడు.

సున్నా అంటే ఎంత?

నేటి దృష్టితో చూస్తే ఇక్కడ ఆలోచించవలసినది చాలా ఉంది. 490 జంతువులలో ఒక్కదానికీ ముందుగా గుండె ఆగకపోతే ఆ ప్రమాదం సున్నాయేనా? పాఠ్యపుస్తకాలలోని ప్రామాణిక దోషం సూత్రంలో నిష్పత్తికి బదులు సున్నా వేస్తే దోషం కూడా సున్నాయే వస్తుంది. అంటే చిత్రంలో ఎర్రర్ బారే కనబడదు. చూసేవారికి అది పూర్తి నిశ్చయంగా తోస్తుంది, వాస్తవానికి ఆ సూత్రం అక్కడ పనిచేయదు. ఇటువంటి సందర్భంలో 3ను ప్రయోగాల సంఖ్యతో భాగిస్తే 95 శాతం విశ్వాస అంతరపు పై హద్దు సుమారుగా వస్తుంది. 1983లో హాన్లీ, లిప్‌మన్-హాండ్ అనేవారు తమ వ్యాసంతో దీనికి ప్రచారం కల్పించారు. 490కి ఆ హద్దు 0.6 శాతం, అంటే దాదాపు 163కి ఒకటి. మానోమీటరుతో కొలిచిన 120 మాత్రమే తీసుకొంటే 40కి ఒకటి. ప్రమాదం నిజంగా 3,000కు ఒకటే అయితే, 490 ప్రయోగాలలో అది ఒక్కసారి కూడా ఎదురుపడకుండా పోయే అవకాశం 85 శాతం. దానిని పట్టుకోవాలంటే సుమారు 9,000 జంతువులు కావలసి వచ్చేవి.

శ్వాస ఆగిన తరువాత గుండె ఎంతసేపు కొట్టుకొన్నదో సగటు కట్టి పటం గీశారని అనుకుందాం. ప్రామాణిక విచలనంతో గీసిన పట్టీ జంతువుకూ జంతువుకూ ఉన్న తేడాను చూపుతుంది. ప్రామాణిక దోషంతో గీసినది సగటు ఎంత నికరమో మాత్రమే చెబుతుంది, 120 జంతువులకు అది మొదటిదానిలో పదకొండవ వంతు ఉంటుంది. ఈ పొట్టి పట్టీని చూసి జంతువులన్నీ ఒకే తీరున స్పందించాయని పొరబడడం నేటికీ కద్దు. ఒకే కుక్క నుండి తీసిన అనేక రేఖలను వేరువేరు కుక్కలుగా లెక్కించరాదన్నది కూడా ఇక్కడే గమనించాలి. రోగి ప్రాణం తీసేది సగటు కాదు, సగటుకు దూరంగా పడిన ఆ ఒక్క సంఘటన.

విశ్వాస అంతరాల సిద్ధాంతం 1930లలో గాని రాలేదు కనుక దీనికి లారీని నిందించడం న్యాయం కాదు. అయితే 1840లోనే ఫ్రాన్సులో గావర్రే వైద్య గణాంకాలకు దోష పరిమితులు కట్టాలని రాసి ఉన్నాడు. వైద్యలోకం దానిని అంతగా పట్టించుకోలేదు.

ఖండన

1890లో అబెర్డీనుకు చెందిన మాక్‌విలియం, క్లోరోఫారం పిల్లుల గుండెను నేరుగా బలహీనపరచి ఉబ్బిస్తుందని చూపాడు. 1893లో కేంబ్రిడ్జికి చెందిన గాస్కెల్, షోర్‌లు కమిషన్ నివేదికను విమర్శిస్తూ తమ ప్రయోగాలను ప్రకటించారు. మందు కలిసిన రక్తాన్ని మెదడుకు మాత్రమే పంపినపుడు రక్తపోటు పడిపోలేదు, గుండెకు చేరినపుడు పడిపోయింది. లారీ అంగీకరించలేదు. ఎక్కడ మరణం సంభవించినా, మత్తు ఇచ్చినవాడు శ్వాసను సరిగా చూడకపోవడమే కారణమని ఆయన వాదం. ఇట్లా వాదిస్తే ఏ మరణమూ సిద్ధాంతానికి అడ్డురాదు.

చివరకు 1911లో గుడ్‌మన్ లీవీ అసలు సంగతి బయటపెట్టాడు. మత్తు తేలికగా ఉన్న స్థితిలోనే, ముఖ్యంగా అడ్రినలిన్ తోడైనపుడు, గుండె గదులు లయ తప్పి వణికి హఠాత్తుగా ఆగిపోతాయని పిల్లులలో నిరూపించాడు. మోతాదు మించి చంపిన కుక్కలను ఎన్ని వేలు చేర్చినా ఈ మరణం కనబడదు. జంతువుల సంఖ్య పెరిగితే ఎర్రర్ బారు కురచవుతుందే గాని, ప్రయోగపు అమరికలోని పక్షపాతం అందులోకి రాదు.

ఇతర విషయాలు

మత్తు ఇచ్చేటపుడు శ్వాసను ఎడతెగక గమనించాలన్న లారీ బోధన నేటికీ చెల్లుతుంది. ఈయన శిష్యురాలు, హైదరాబాదు వైద్య పాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూంజీ ప్రపంచంలో తొలి మహిళా మత్తువైద్యురాలుగా పేరుపొందింది. మలేరియా విషయంలో కూడా లారీ ఎదురుపక్షమే వహించాడు. లావెరాన్ చూపినవి పరాన్నజీవులని ఒప్పుకొనక, సికిందరాబాదులో ఉన్న రోనాల్డ్ రాస్‌తో విభేదించాడు.

1901లో లారీ హైదరాబాదు పదవి నుండి తప్పుకొన్నాడు. 1908 మూసీ వరదలో అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కొట్టుకుపోగా, తరువాత ఆ ప్రాంతంలోనే ఉస్మానియా ఆసుపత్రిని నిర్మించారు. లీవీ ఫలితాలు వెలువడిన నాలుగేళ్ళకు, 1915లో లారీ మరణించాడు.