నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా

మన పాతబస్తీలో పెళ్లి ఊరేగింపు అంటే మర్ఫా, బ్యాండు. మన పల్లెల్లో అయితే సన్నాయి, డోలు. ఇంట్లో పెళ్లయినా, గుళ్లో ఉత్సవమైనా అందరికంటే ముందు నడిచేది వాయిద్యకారులే. కానీ వాళ్ల పేరేమిటని అడిగేవాళ్లు తక్కువ. అలాంటి సన్నాయితోనే దేశమంతా పేరు తెచ్చుకున్న తెలుగువాడు షేక్ చినమౌలానా.

ఆయన 1924 మే 12న ఒంగోలు దగ్గరి కరవదిలో జన్మించారు. తరతరాలుగా నాదస్వరమే వృత్తిగా బతికిన ముస్లిం కుటుంబం వారిది. తండ్రి కాసిం సాహెబ్ దగ్గర తొలి పాఠాలు నేర్చుకుని, తర్వాత చిలకలూరిపేట ఆదం సాహెబ్ దగ్గర శిష్యరికం చేశారు.

నాదస్వరానికి హార్మోనియంలా మెట్లు ఉండవు. పీక, ఏడు రంధ్రాలు, మన ఊపిరి, అంతే. పెదవుల ఒత్తిడి, ఊపిరి బలం కుదిరితేనే స్వరం సరిగా పలుకుతుంది. ఆ రోజుల్లో తంజావూరు సీమలో టి.ఎన్. రాజరత్నం పిళ్లై నాదస్వరంపై రాగాలాపన చేసే తీరు చినమౌలానాను ఎంతగానో ఆకర్షించింది. ఇంటి విద్య చేతిలో ఉంది, దానితో బతుకు గడిచిపోతుంది. అయినా ఆయన అక్కడితో ఆగలేదు. భాష వేరైన తమిళనాడుకు వెళ్లి, నాచియార్‌కోయిల్ రాజం, దురైకణ్ణు సోదరుల దగ్గర మళ్లీ శిష్యుడిగా చేరి ఆ బాణీని సాధించారు.

1960లలో శ్రీరంగంలో స్థిరపడ్డారు. నమాజు చేసే ఇంట పుట్టి, త్యాగరాజ కీర్తనలను ప్రాణంగా భావించారు. శ్రీలంక, అమెరికా వంటి దేశాల్లోనూ కచేరీలు చేశారు. శ్రీరంగంలో శారదా నాదస్వర సంగీత ఆశ్రమం స్థాపించి ఎందరికో విద్య నేర్పారు. ఆయన శిష్యులైన షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు.

చినమౌలానాకు 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి లభించాయి. 1999 ఏప్రిల్ 13న శ్రీరంగంలో కన్నుమూశారు.

మిత్రులారా! మనలో చాలామంది తల్లిదండ్రులది కూడా చేతివృత్తే, కూలిపనే. చదువు కోసం ఇల్లు వదిలి హాస్టల్‌కు వచ్చాం. తాతల నాటి విద్యను చినమౌలానా చిన్నచూపు చూడలేదు, వచ్చింది చాలులే అని కూర్చోనూ లేదు. డిగ్రీ చేతికి రాగానే చదువు అయిపోయిందనుకునే మనం ఆయన జీవితం నుంచి నేర్చుకోవలసింది ఇదే.