సెలవు లేని పొయ్యి



గన్నవరం అనగానే మన నూజివీడు ప్రాంతం వారికి విమానాశ్రయం ఉన్న ఊరే గుర్తుకు వస్తుంది. కోనసీమలో, గోదావరి వైనతేయ పాయ ఒడ్డున, మరొక గన్నవరం ఉంది. ఆ లంకల గన్నవరానికి పేరు తెచ్చింది రాజూ కాదు, పండితుడూ కాదు. ఒక ఇల్లాలు. ఆమే డొక్కా సీతమ్మ గారు.

సీతమ్మ గారు 1841లో మండపేటలో జన్మించారు. తండ్రి అనుపిండి భవానీశంకరం గారు. వచ్చినవారికల్లా అన్నం పెట్టే ఆయనను ఊరివారు బువ్వన్న అని పిలుచుకునేవారు. చిన్నతనంలోనే తల్లిని పోగొట్టుకున్న సీతమ్మ గారు ఇంటి బరువు తలకెత్తుకున్నారు. ఆడపిల్లలకు బడిచదువు అందని రోజులవి. అన్నం పెట్టడమే ఆమె తండ్రి దగ్గర నేర్చిన చదువు.

లంకల గన్నవరం రైతు డొక్కా జోగన్న గారిని వివాహమాడి ఆ ఇంట అడుగుపెట్టారు. గోదావరి పాయలు దాటి వచ్చే బాటసారులు అలసి సొలసి ఆ ఊరు చేరేవారు. వారు ఏ వేళ వచ్చినా ఆమె విస్తరి వేసేవారు. సంఘం లేదు, చందాలు లేవు. సొంత పొలంలో పండిన గింజలే మూలధనం. ఒకసారి అంతర్వేది యాత్రకు బయలుదేరిన ఆమె, ఆకలితో ఉన్న కొందరు తన ఇంటికే వెళుతున్నారని దారిలో విని, యాత్ర మాని వెనుదిరిగారని చెబుతారు. 1903లో ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేక ఉత్సవాలకు ఆహ్వానం వచ్చినా వెళ్ళలేదనీ, ఆమె ఛాయాచిత్రం మాత్రమే వెళ్ళిందనీ ప్రతీతి. 1909లో కన్నుమూశారు.

2024లో మన రాష్ట్ర ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఆమె పేరు పెట్టింది. అది తగిన పేరే. ఆకలిగా ఉన్న పిల్లవాడికి పలకమీద అక్షరం నిలవదు. ఒకనాడు దాత దయగా ఉన్న అన్నం 2013 ఆహార భద్రతా చట్టంతో బడిపిల్లల హక్కు అయింది. దయ అడిగితే దొరకవచ్చు, దొరకకపోవచ్చు. హక్కు అలా కాదు.

అయితే ఆ చట్టంలో ఒక మాట ఉంది. బడికి సెలవులైన రోజుల్లో ఆ భోజనం లేదు. మన ప్రాంతంలో మామిడి కోతలు ముమ్మరంగా సాగేది సరిగ్గా వేసవి సెలవుల్లోనే. తల్లిదండ్రులు తోటల్లో చిక్కంతో కాయ దింపుతూ, గంపలు మోస్తూ ఉంటే, పిల్లలు చెట్టు నీడన కూర్చుంటారు. బడికి సెలవు ఇచ్చాం గాని, ఆకలికి ఎవరు సెలవు ఇచ్చారు?

చట్టం ఆగినచోట పొరుగువాడి బాధ్యత మొదలవుతుంది. సీతమ్మ గారు వంద ఊళ్ళను పోషించాలని లెక్కవేసుకోలేదు. తన గుమ్మం ముందుకు వచ్చినవారికి పెట్టారు. పాఠకులారా, ఈ కోతల కాలంలో మీ తోటలోకి, మీ వీధిలోకి వచ్చే పిల్లలు ఎవరో ఒకసారి చూడండి. తోట యజమాని ఇంట నాలుగు గిద్దెల బియ్యం ఎక్కువ వండితే లోటు రాదు. ఆ పిల్లలు జూన్‌లో మళ్ళీ బడి మెట్లెక్కేది ఆ బలంతోనే.