పురుషోత్తమ చౌదరిగారు



కోలారు బంగారు గనులకు కూలికి వచ్చిన మన పెద్దలలో అనేకులకు చదువు రాదు. అయినను కీర్తనలు కంఠస్థము. వాటిలో ఎన్నో పురుషోత్తమ చౌదరిగారివి.

వారు 1803లో పర్లాకిమిడి ప్రాంతమందు బ్రాహ్మణ కుటుంబములో జన్మించారు. పురాణములు, పద్యములు, భజనలు వారికి బాల్యమునుండి పరిచయమే. 1833లో కటకములో బాప్తిస్మము పొందారు. జంధ్యము పోయింది, కులము పోయింది, బంధువులు దూరమయ్యారు. రాగతాళములను మాత్రము వారు విడిచిపెట్టలేదు. వారి ధైర్యము ఇక్కడే ఉన్నదని మేము తలంచుచున్నాము. వైష్ణవ భక్తుడు తన దేవుని ఎదుట విలపించే రీతిలోనే, శతకకవి మొరపెట్టుకునే రీతిలోనే వారు యేసుప్రభువును ఆశ్రయించారు. ఇంగ్లీషు రాగాలకు అతికించిన తెలుగు మాటలు మన నోట అంత తేలికగా పలకవు. (ఇందుకు కొందరు మాపై కోపించవచ్చును!) అయితే కులము విషయములో వారు రాజీపడలేదు, కులాచారమును పరీక్షించుచు గ్రంథమే వ్రాశారు. వందకు పైగా కీర్తనలు మనకిచ్చి, 1890లో ప్రభువునందు నిద్రించారు.

గనులు 2001లో మూతపడ్డాయి. కార్మికుల పిల్లలు మారికుప్పంలో రైలెక్కి బెంగుళూరుకు పనికి వెళ్లుచున్నారు. ఆదివారము కీర్తనల పుస్తకము తెరచితే, పాటకు పైన నేటికిని రాగము, తాళము పేర్లే ముందు కనబడతాయి.