కుందేలు బొమ్మల డబ్బుతో 4 వేల ఎకరాలు.. ఎవరీ బీట్రిక్స్ పాటర్?

నీలం కోటు తొడుక్కుని, పక్కింటి తోటలో దొంగతనంగా ముల్లంగి తినే కుందేలు పిల్ల పీటర్ ర్యాబిట్. 2018లో వచ్చిన హాలీవుడ్ సినిమాతో మన పిల్లలకూ బాగా దగ్గరైంది. కానీ ఆ కుందేలు వయసు 130 ఏళ్లు దాటింది. పుట్టింది కూడా ఏ స్టూడియోలోనో కాదు.. మంచాన పడ్డ ఓ ఐదేళ్ల పిల్లాడికి రాసిన ఉత్తరంలో. ఆ ఉత్తరం రాసి, అందులో బొమ్మలు గీసింది బీట్రిక్స్ పాటర్.

1866 జులై 28న లండన్‌లోని కెన్సింగ్టన్‌లో పుట్టారామె. బాగా డబ్బున్న కుటుంబం. బడికి పంపలేదు, చదువంతా ఇంట్లోనే. స్నేహితులు దాదాపు లేరు. ఆ లోటు తీర్చింది తమ్ముడు బెర్‌ట్రమ్, గది నిండా ఉన్న జంతువులు. కుందేళ్లు, ఎలుకలు, ముళ్లపంది.. అన్నీ అక్కడే. చనిపోయిన జంతువులను అక్కాతమ్ముళ్లు ఉడకబెట్టి, ఎముకలు విడదీసి, వాటిని చూస్తూ బొమ్మలు గీసేవారట! వినడానికి కాస్త ఒళ్లు జలదరిస్తుంది. కానీ తర్వాత ఆమె గీసిన కుందేలు కోటు వేసుకున్నా అచ్చం కుందేలులాగే కనిపించడానికి కారణం ఆ చూపే.

తొలి సంపాదన 1890లో వచ్చింది. పెంపుడు కుందేలు బెంజమిన్‌ను చూసి గీసిన గ్రీటింగ్ కార్డు బొమ్మలకు 6 పౌండ్లు ఇచ్చారు. అదే సమయంలో పుట్టగొడుగుల మీద పరిశోధన కూడా చేశారు. వాటి బొమ్మలు వందల్లో గీశారు. 1897లో లండన్‌లోని లినియన్ సొసైటీకి ఓ పత్రం ఇస్తే, ఆడవాళ్లకు సమావేశంలోకి ప్రవేశమే లేదు. ఆమె తరఫున వేరే ఆయన సమర్పించాల్సి వచ్చింది. ఆ తీరు తప్పేనని సొసైటీ ఒప్పుకున్నది సరిగ్గా వందేళ్లకు, 1997లో.

ఇక ఉత్తరం సంగతి. ఇంటికొచ్చి చదువు చెప్పిన టీచర్ ఆనీ మూర్ కొడుకు నోయెల్‌కు జబ్బు చేసింది. 1893 సెప్టెంబర్ 4న పాటర్ అతనికి ఉత్తరం రాస్తూ, ఏం రాయాలో తోచక నాలుగు కుందేలు పిల్లల కథ చెప్పి, మధ్యలో బొమ్మలు వేశారు. పిల్లాడు దాన్ని పడేయకుండా దాచుకున్నాడు. అదే మంచిదైంది! ఏళ్ల తర్వాత దాన్ని పుస్తకం చేద్దామనుకుని అతని దగ్గర్నుంచే అడిగి తెచ్చుకున్నారు.

ప్రచురణకర్తలు వరసపెట్టి వద్దన్నారు. ఆమె మాత్రం పట్టు వదల్లేదు. పుస్తకం చిన్నగా ఉండాలి, పిల్లల చేతిలో ఇమడాలి, ధర తక్కువగా ఉండాలి. చివరికి 1901 డిసెంబర్‌లో సొంత డబ్బుతో 250 కాపీలు అచ్చు వేయించారు. అవి చకచకా అయిపోయాయి. అంతకుముందు కాదన్న ఫ్రెడరిక్ వార్న్ సంస్థ ఈసారి ముందుకొచ్చింది. ఒకటే షరతు.. బొమ్మలన్నీ రంగుల్లో ఉండాలి. అప్పుడే వాడకంలోకొచ్చిన మూడు రంగుల అచ్చు పద్ధతిలో 1902 అక్టోబర్‌లో ‘ది టేల్ ఆఫ్ పీటర్ ర్యాబిట్’ వచ్చింది. తొలి విడత 8 వేల కాపీలు. ఏడాది తిరిగేసరికి అచ్చయినవి 50 వేలు దాటాయి. అన్నట్టు, ఇది ఉత్త ముద్దు ముద్దు కథేం కాదు. పీటర్ తండ్రిని ఆ తోట యజమాని భార్య వండేసిందని మొదట్లోనే చెప్పేస్తుంది!

వ్యాపారంలోనూ ఆమె లెక్క వేరు. 1903లోనే పీటర్ బొమ్మను గుడ్డతో స్వయంగా కుట్టి పేటెంట్ తీసుకున్నారు. పుస్తకంలోని పాత్ర బొమ్మలను లైసెన్స్ మీద అమ్మడం అప్పటికి కొత్త. అయితే అమెరికాలో పుస్తకానికి కాపీరైట్ నమోదు చేయించడం ప్రచురణ సంస్థ మరిచిపోయింది. అక్కడ నకిలీలు పుట్టుకొచ్చాయి. ఆ పుస్తకాల మీద పాటర్‌కు పైసా రాలేదు.

అసలు దెబ్బ 1905లో తగిలింది. పుస్తకాల పని దగ్గరుండి చూసుకున్న ఎడిటర్ నార్మన్ వార్న్ జులైలో పెళ్లి ప్రస్తావన తెచ్చారు. పాటర్ ఒప్పుకున్నారు. అప్పటికి ఆమెకు 39 ఏళ్లు నిండుతున్నాయి. అమ్మానాన్నలు మాత్రం వద్దన్నారు.. అతను వ్యాపారం చేసేవాడట! విచిత్రమేంటంటే, వీళ్ల ఆస్తి కూడా తాతల నాటి గుడ్డల అద్దకం వ్యాపారంలో వచ్చిందే. ఆ గొడవ తేలకముందే, నెల రోజులకే, ఆగస్టు 25న నార్మన్ రక్త క్యాన్సర్‌తో చనిపోయారు. ఆయన వయసు 37.

అదే ఏడాది ఆమె హిల్ టాప్ అనే పొలం కొన్నారు. పుస్తకాల రాబడికి, బంధువుల నుంచి వచ్చిన కొద్ది సొమ్ము కలిసింది. అది ఇంగ్లండ్ వాయవ్యాన, లేక్ డిస్ట్రిక్ట్‌లోని నియర్ సారే అనే పల్లెలో ఉంది. చిన్నప్పుడు వేసవి సెలవులకు వచ్చి మనసు పారేసుకున్న కొండ ప్రాంతమే. జెమైమా బాతు కథ, టామ్ పిల్లి కథ ఈ ఇంట్లో, ఈ పెరట్లో జరిగినవే. పుస్తకం అమ్ముడవడం, పక్క పొలం కొనడం.. ఇక ఇదే వరస. ఆ కొనుగోళ్ల కాగితాల పని చూసిన లాయర్ విలియం హీలిస్‌నే 1913లో, 47 ఏళ్ల వయసులో పెళ్లి చేసుకున్నారు. ఇంట్లోవాళ్లు ఈసారీ వద్దన్నారు. ఆమె వినలేదు.

పెళ్లయ్యాక బొమ్మలు తగ్గిపోయాయి. చూపు మందగించింది, మనసంతా హెర్డ్‌విక్ గొర్రెల మీదే. ఆ కొండల్లో చలికి తట్టుకునే పాత జాతి అది. మంద పెంచి, పోటీల్లో బహుమతులు కొట్టి, 1943లో ఆ పెంపకందారుల సంఘానికి అధ్యక్షురాలిగా ఎన్నికయ్యారు. ఓ మహిళ ఆ పదవికి ఎన్నికవడం అదే మొదటిసారి. బాధ్యత తీసుకునేలోపే, డిసెంబర్ 22న, 77 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

వీలునామా ప్రకారం 4 వేల ఎకరాలకు పైగా భూమి, 14 వ్యవసాయ క్షేత్రాలు నేషనల్ ట్రస్ట్‌కు దక్కాయి. అక్కడ భవంతులు, హోటళ్లు లేవకుండా ఆపింది ఆ కాగితమే. కొండ పొలాల్లో హెర్డ్‌విక్ గొర్రెలే మేయాలని అందులో షరతు కూడా పెట్టారు. హిల్ టాప్ ఇల్లు ఇప్పటికీ ఆమె వదిలినట్టే ఉంది. చూడ్డానికి వెళ్లేవాళ్లు పుస్తకం చేత్తో పట్టుకుని, బొమ్మలో ఉన్న మెట్లూ పొయ్యీ ఎక్కడున్నాయో వెతుక్కుంటుంటారు.